మీ అమ్మాయిని అడవికి పంపుతారా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

ఎండాకాలం సెలవులు వస్తున్నాయంటే మన ఇళ్ళలో ఎన్ని పన్లుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆవకాయ పెట్టాలి, వడియాలు పెట్టాలి, చింతపండు గింజ తీసి ఏడాదికి సరిపడా జాడీకెత్తాలి, మిరపకాయలు ఎండబెట్టి కారం కొట్టించాలి. కాలేజీలో చదివే ఆడపిల్ల ఇంట్లో వుంటే సగం బరువు తగ్గుతుందని తల్లి ఆశపడుతుంది. మిగిలిన పొద్దున పిల్లకేదన్నా నేర్పిద్దామంటే కుట్టుపని, కంప్యూటరు క్లాసు, కాకపోతే స్పోకెన్ ఇంగ్లీషు. వీటిలో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే యీ సెలవుల గురించే యివాళ మరో మాట చెప్దామని వచ్చాను.

మీ అమ్మాయి డిగ్రీలో బోటనీయో, జువాలజీయో చదువుతున్నదనుకోండి. ఒకరోజు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, "అమ్మా, సెలవుల్లో రెండు నెలలు అడవుల మీద, పిట్టల మీద పని నేర్పిస్తారట. నన్ను తీసుకున్నారు. వుండటానికి చోటు, రైలు చార్జీ, నెలకింతని డబ్బు కూడా యిస్తారట" అని చెప్పిందనుకోండి. మీరేమంటారు? నిజం చెప్పండి. చాలా ఇళ్ళలో మొదట వచ్చే మాట "మీ నాన్ననడుగు" అనే. ఆ నాన్నగారేమో "మీ అమ్మ ఏమంది?" అంటారు. యీ రెండు ప్రశ్నల మధ్య ఆ కాగితం బీరువాలో చీరల అడుక్కి చేరుతుంది. గడువు దాటిపోయాక, పాత బిల్లుల కోసం వెతికినప్పుడు బయటపడుతుంది.

దీన్ని ఫెలోషిప్ అంటారు. స్కాలర్‌షిప్పుకీ దీనికీ తేడా వుంది. స్కాలర్‌షిప్పు ఫీజుకోసం, పుస్తకాలకోసం. ఫెలోషిప్పు పని నేర్చుకునే రోజులకిచ్చే బత్తెం. పెద్ద శాస్త్రవేత్త పక్కన కూర్చుని, ఆయన చేసే పనిలో చెయ్యి వేసి, అందులో ఒక ముక్క తనంతట తాను చేసి చూపించాలి. మన అమ్మమ్మల కాలంలో వంట నేర్చుకున్నది కూడా ఇట్లాగే గదా, పుస్తకం చూసి కాదు, పొయ్యి దగ్గర నిలబడి.

ఇతర దేశాల్లో యీ వేసవి ఫెలోషిప్పులను ఒక ప్రత్యేకమైన ఉద్దేశంతో నడుపుతున్నారు. అమెరికాలో డోరిస్ డ్యూక్ అనే సంపన్నురాలి పేర ఒక ధర్మసంస్థ వుంది. అది కొన్ని విశ్వవిద్యాలయాలతో కలిసి రెండేసి వేసవుల పాటు కాలేజీ పిల్లలకి అడవులు, నదులు, జంతువుల సంరక్షణ నేర్పించే ఏర్పాటు చేసింది. ఎవరికి? ఆ చదువుల్లో ఇంతకాలం కనిపించని పిల్లలకి. నల్లజాతి పిల్లలకి, అక్కడి ఆదివాసుల పిల్లలకి, ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్టెక్కిన పిల్లలకి. ఎందుకంటే వాగులో విషం కలిసినా, అడవి తగలబడినా ముందుగా దెబ్బ తగిలేది వాళ్ళ ఇళ్ళకే. ఏం చేయాలో నిర్ణయించే గదిలో మాత్రం వాళ్ళ కుర్చీ వుండదు.

ఇది మనకు బొత్తిగా కొత్త సంగతి కూడా కాదు. ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు మీలో కొందరు వినే వుంటారు. 1897లో కేరళలో తలశ్శేరిలో పుట్టింది. ఆ రోజుల్లో ఆమె ఈడు ఆడపిల్లలకి పెళ్ళి తప్ప మరో మాట వుండేది కాదు. ఆసియా ఖండపు స్త్రీలకోసం మిషిగన్ విశ్వవిద్యాలయంలో బార్బర్ పేరుతో ఒక స్కాలర్‌షిప్పు వుంటే, దాని సాయంతో అమెరికా వెళ్ళి, 1931లో అక్కడే డాక్టరేటు తీసుకుంది. తర్వాత మన దేశంలో తియ్యటి చెరకు రకాల మీద ఆమె చేసిన పని ఎంత పెద్దదో శాస్త్రజ్ఞులు చెప్తారు. ఎనభయ్యేళ్ళు దాటాక కూడా కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్టలో ముంచవద్దని గొంతెత్తింది. స్త్రీలకని ప్రత్యేకంగా కేటాయించిన ఆ సాయం లేకపోతే ఆమె ఎక్కడుండేదో ఆలోచించండి.

ఇక మన అటవీశాఖ సంగతి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులోకి ఆడవాళ్ళు మొదటిసారి వచ్చింది 1980లో. అంతవరకూ అడవి మగవాళ్ళ ఆఫీసు. అడవిలోకి రోజూ పోయేది మాత్రం ఆడవాళ్ళే! కట్టెలకు, చింతకాయకు, సీతాఫలానికి, చీపురుపుల్లకు పోయేది ఎవరండీ?

ఇంతదూరం ఎందుకు, మన కర్నూలు, కడప జిల్లాల మాటే చెప్తాను. కరువు సీమ, రాళ్ళ సీమ, కంప తప్ప ఏముంది అని బయటివాళ్ళే కాదు, మనమూ అనుకుంటూ వుంటాం. పిల్లల్ని సెలవులకి ఊటీ తీసుకుపోతాం గాని లంకమల కొండకి తీసుకుపోం. కాని యీ కంపలోనే ప్రపంచంలో మరెక్కడా దొరకని ఒక పిట్ట బయటపడింది. పేరు కలివికోడి.

1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీని సంగతి లోకానికి తెలియజేశాడు. పావురమంత వుంటుంది. మెడ కింద రెండు పట్టెలు. 1900లో అనంతపురం దగ్గర ఒకరికి కనిపించింది. అంతే, ఆ తర్వాత ఎనభయ్యారేళ్ళు అయిపు లేదు. పెద్దపెద్ద పక్షిశాస్త్రజ్ఞులు వచ్చి వెతికారు. దొరకలేదు. ఇక యీ జాతి భూమ్మీద లేదనే అనుకున్నారు.

ఎందుకు దొరకలేదంటే, వాళ్ళు వెతికింది పగలు. కలివికోడి తిరిగేది రాత్రి.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ శాస్త్రజ్ఞుడు 1985లో వచ్చి, పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి, పిట్టలు పట్టుకునే వాళ్ళని, కంపకు పోయే వాళ్ళని అడగడం మొదలుపెట్టాడు. ఇది రాత్రి పిట్ట అని వాళ్ళు చెప్పారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఆ ప్రాంతపు వేటగాడొకతను రాత్రిపూట బ్యాటరీ లైటు వెలుగులో ఒక పిట్టని ప్రాణంతో పట్టుకుని తెచ్చాడు. కబురు తెలియగానే ఎనభైతొమ్మిదేళ్ళ సలీం అలీగారు పరుగున వచ్చారు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే సంవత్సరం కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వేశారు.

యీ కథ చాలామంది చాలాచోట్ల చెప్పారు. నాకు మాత్రం అందులో ఒక్క సంగతే మనసుకి పడుతుంది. బడి ముఖం సరిగ్గా చూడని మనిషికి తెలిసిన విషయం కోసం శాస్త్రం ఎనభయ్యారేళ్ళు ఎదురుచూసింది. ఆ మనిషి కూతురే కాలేజీలో జువాలజీ చదివి వుంటే? ఎనభయ్యారేళ్ళు పట్టేదా?

తర్వాత 2000 సంవత్సరం నుంచి జరిగిన పరిశోధన ఇంకా బాగుంటుంది వినడానికి. రాత్రి తిరిగే పిట్ట, మనిషి అలికిడికి కదలకుండా నక్కే పిట్ట, ఎట్లా లెక్కపెట్టాలి? వాళ్ళేం చేశారంటే, పొదల మధ్య అక్కడక్కడా అయిదు మీటర్ల పొడవున నేల గీకి, మెత్తటి మట్టి జల్లెడ పట్టినట్టు పరిచారు. మనం ముగ్గుకి అలికినట్టే అనుకోండి. రాత్రి పిట్ట దాని మీదుగా నడిస్తే తెల్లవారేసరికి కాలి గుర్తు పడుతుంది. పొద్దున్నే వచ్చి ఆ గుర్తులు చూసి, ఇది కలివికోడి, ఇది తీతువు, ఇది కముజు అని తేల్చాలి. దానంతట అదే ఫొటో తీసే కెమేరాలు కూడా పెట్టారు. పేరుకి విదేశీ విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన పరిశోధన. పనిముట్టు మాత్రం మట్టి!

దానివల్ల తేలిన విషయం మీకు మరీ నచ్చుతుంది. యీ పిట్టకి దట్టమైన అడవి అక్కర్లేదు, బోడి మైదానమూ పనికిరాదు. హెక్టారుకి మూడువందల నుంచి ఏడువందల దాకా పెద్ద పొదలుండి, వాటి మధ్య ఖాళీ నేల వుండాలి. మేకలు అసలు మేయకపోతే కంప మూసుకుపోతుంది, పిట్ట నడవలేదు. మరీ ఎక్కువ మేసినా, కట్టెలు మరీ కొట్టేసినా నీడ పోతుంది, పిట్ట వుండదు. అంటే ఎంత మేపాలి, ఎంత కొట్టాలి అన్నదే అసలు ప్రశ్న. ఉప్పు వేసినట్టు, ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే. యీ లెక్క ఎవరికి తెలుస్తుంది? పుస్తకం చదివిన వాళ్ళకి హెక్టారు తెలుస్తుంది. కట్టెలకి పోయే ఆడమనిషికి పొద తెలుస్తుంది. రెండూ ఒకే తలకాయలో వుంటే ఎంత బాగుంటుంది!

అటువంటి మనుషులు అక్కడ వుండడం వల్ల ఏం జరుగుతుందో కూడా చూశాం. 2005లో తెలుగుగంగ కాలువ పనులు యీ పిట్ట తిరిగే నేలలోకే వచ్చాయి. యంత్రాలు దిగి పొదలు చదును చేయడం చూసి, అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు చెప్పబట్టి విషయం పైదాకా వెళ్ళింది. చివరికి కాలువ దారి మార్చారు. నీళ్ళూ ఆగలేదు, పిట్ట నేలా కొంత మిగిలింది. ఆ పూట అక్కడ ఎవరూ లేకపోతే చెప్పేవాళ్ళే లేరు. కలివికోడి జాడ కోసం గత కొన్నేళ్ళుగా మళ్ళీ వెతుకులాటే నడుస్తున్నది. వెతికే మనుషులు చాలరు, అదీ ఇబ్బంది.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్తాను. నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. ఒకసారి పిల్లల్ని రోళ్ళపాడు తీసుకువెళ్ళాం. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డినేల అది. బట్టమేక అంటే చిన్న పిట్ట కాదండోయ్, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఒక కాలంలో అక్కడ గడ్డిలో రాజుల్లాగా నడిచేవి. ఇప్పుడు దేశం మొత్తం మీద నూటయాభైకి మించి లేవంటారు, వాటిలో దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. రోళ్ళపాడులో కృష్ణజింకలు మాత్రం బాగా పెరిగాయి. అవి చేలమీద పడితే రైతులు తిట్టుకుంటారు, వాళ్ళ కోపంలోనూ న్యాయం లేకపోలేదు.

మేము వెళ్ళింది ఫాల్గుణమాసం చివర. పిల్లలందరూ గొడుగులు, నల్లకళ్ళద్దాలు. వాళ్ళలో పత్తికొండ వైపునుంచి వచ్చిన అమ్మాయి వుంది. గొర్రెలు కాచుకునే కుటుంబం. క్లాసులో నోరు తెరిచేది కాదు. ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే లేచి నిలబడి కాలివేళ్ళు చూసుకునేది. గడ్డిలో నడుస్తుంటే మా ముందునుంచి తీతువు పిట్ట ఒకటి లేచి, రెక్క ఈడ్చుకుంటూ పోసాగింది. పిల్లలంతా "పాపం, దెబ్బ తగిలింది" అని దాని వెంట పడబోయారు. యీ అమ్మాయి గట్టిగా, "కాలు పెట్టాకండి మేడం, ఆడ గుడ్లుంటాయి" అన్నది. ఆగిపోయాం. "ఎట్లా తెలిసింది?" అంటే, "పిట్ట రెక్క ఇరిగినట్టు నటిస్తాంది సూడండి. మనల్ని గుడ్లకాణ్ణించి దూరం పట్టకపోతాంది" అన్నది. చూస్తే మా కాళ్ళకు రెండు గజాల్లో, రాళ్ళ మధ్య రాళ్ళలాగే, నాలుగు గుడ్లు.

యీ సంగతి జంతువుల ప్రవర్తన గురించిన పుస్తకాల్లో పెద్ద అధ్యాయం. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరు కూడా వుంది. పరీక్షలో ఆ పేరు రాస్తే మార్కులు. పేరు తెలియకుండా అసలు విషయం తెలిసిన యీ అమ్మాయికి జువాలజీలో అత్తెసరు మార్కులు వచ్చేవి. మన చదువు ఎంత వింతగా వుందో చూడండి.

మరుసటి ఏడు ఒక సంస్థ, పేరెందుకులెండి, వేసవిలో క్షేత్రశిక్షణకి పిల్లల్ని పంపమని రాసింది. నేను పట్టుబట్టి యీ అమ్మాయి పేరు పంపాను. తీసుకున్నారు కూడా. కాని ఆ ఉత్తరంలో ఒక చిన్న మాట వుంది: ప్రయాణ ఖర్చులు, భోజనం ఖర్చులు ముందు మీరు పెట్టుకోండి, శిక్షణ పూర్తయ్యాక రసీదులు చూపిస్తే తిరిగి ఇస్తాము. అంతే. ఆ యింట్లో ఎండాకాలం మూడునెలలు అమ్మాయి ఉపాధి పనికి పోతేనే జూన్‌లో విత్తనాలకి డబ్బు. శిక్షణకి పోతే రెండు నష్టాలు: చేతిలో లేనిది ఖర్చుపెట్టాలి, రావలసిన కూలి పోతుంది. వాళ్ళ నాయన నా దగ్గరికొచ్చి, "మంచిదేనమ్మా, మాకు తెల్దా? అయితే జూన్ నెలొస్తే ఏం జెయ్యాల?" అన్నాడు. నేనేం చెప్పను? ఆ అమ్మాయి వెళ్ళలేదు. ఆ సీటు హైదరాబాదు అమ్మాయికి వెళ్ళింది. ఆమె మంచి పిల్లే, బాగానే నేర్చుకుని వుంటుంది. కాని తీతువు గుడ్ల దగ్గర ఆమె కాలు పెట్టకుండా ఆపే వాళ్ళెవరు?

మా అమ్మాయి తర్వాత బి.ఇడి. చేసింది. ఆదోనిలో సంసారం. అప్పుడప్పుడు ఫోను చేసి, ఫలానా పిట్ట యీ ఏడు తొందరగా వచ్చింది మేడం అని చెప్తుంటుంది. నేను రాసిపెట్టుకుంటుంటాను.

అందువల్ల నేను గట్టిగా చెప్పేదేమంటే, బత్తెం ముందుగా ఇవ్వని ఫెలోషిప్పు కలిగినవాళ్ళ పిల్లలకే. ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా సరే. మన పశ్చిమ కర్నూలు పల్లెల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, వర్షాలు లేని ఏడు ఊళ్ళకి ఊళ్ళే పిల్లాపాపలతో గుంటూరు మిరపచేలకి వలసపోతాయి. ఆ పిల్లలకి బడే సరిగ్గా సాగదు, ఇక అడవిశాస్త్రం ఎక్కడ? మరి కరువు గురించి, నేల గురించి, గడ్డి గురించి శాస్త్రం రాయవలసింది ఆ ఇళ్ళనుంచి కాకపోతే ఇంకెక్కడినుంచి?

నల్లమలలో చెంచుల సంగతీ అంతే. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. రాత్రింబవళ్ళు కాపలా క్యాంపుల్లో తిరిగే వాళ్ళలో చెంచులు చాలామంది. పులి అడుగు చూసి ఆడదో మగదో, ఎప్పుడు పోయిందో చెప్పగలరు. ఆ తెలివికి మనమిచ్చేది రోజుకూలి. దాని మీద వ్యాసం రాసేవాళ్ళకి డాక్టరేటు. చెంచు పిల్ల ఒకతె ఆ వ్యాసం తానే రాసే రోజు కోసం చూస్తున్నాను.

ఇక తల్లులు నన్ను అడిగే ప్రశ్నలకి వస్తాను. ఎండకి నల్లబడుతుంది, రేపు సంబంధాలొస్తే ఎట్లా అని ఒకావిడ అడిగింది. దీనికి నా దగ్గర జవాబు లేదు, నవ్వు తప్ప. కర్నూల్లో పుట్టి ఎండకి భయపడితే కాపురం ఎట్లా చేస్తామండీ?

ఎవరితో పోతుంది, ఎక్కడ పడుకుంటుంది అన్నది మాత్రం నవ్వే ప్రశ్న కాదు. అది అడిగి తీరాలి. ఎంతమంది ఆడపిల్లలు వస్తున్నారు, బాధ్యురాలిగా స్త్రీ వుంటుందా, గది తలుపుకి గడియ వుందా, మరుగుదొడ్డి ఎంత దూరం, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడ, ఏదన్నా జరిగితే ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఇవన్నీ ఉత్తరం రాసి అడగండి. సంకోచపడకండి. జవాబు సరిగ్గా చెప్పని చోటికి పంపవద్దు, నేనే వద్దంటాను. బాగా నడిపే సంస్థలు యీ ప్రశ్నలకి విసుక్కోవు. ఒక్కర్తినీ పంపడం కంటే ఇద్దరు స్నేహితురాళ్ళని కలిపి పంపితే ఇద్దరు తల్లులకీ నిద్రపడుతుంది.

బయటచేరిన రోజుల్లో ఎట్లా అని కూడా అడుగుతారు, అదీ గొంతు తగ్గించి. దీనికి గొంతు తగ్గించక్కర్లేదు. కావలసినవి ఇంటిదగ్గరే కొని సంచిలో పెట్టండి. వాడినవి పారేయడానికి పాత పేపర్లు, మూతవున్న డబ్బా ఇవ్వండి. ఆ రోజు ఎక్కువ దూరం నడవలేనని చెప్పే ధైర్యం ఇవ్వండి. మిగతా ఆడపిల్లలకీ అదే అవసరం, ఒకరు నోరు తెరిస్తే అందరికీ మేలు.

ఆడపిల్ల ఇంతటి కష్టం ఓర్చుకుంటుందా అనే వాళ్ళకి ఒక్క పేరు చెప్తాను. మాలావత్ పూర్ణ. నిజామాబాదు జిల్లా పల్లెటూరి గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఆమెకీ ఒక తల్లి వుంది. ఆ తల్లి సరేననే పంపింది.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తాను. మన దేశంలో బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో వున్న మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తుంటాయి. సుమారు రెండు నెలలు ఒక శాస్త్రజ్ఞుని దగ్గర పనిచేయాలి. నెలనెలా బత్తెం వుంటుంది, రైలు ఖర్చు ఇస్తారు. జీవశాస్త్రం, భూమిశాస్త్రం అందులో విభాగాలు. డిగ్రీ పిల్లలు కూడా పెట్టుకోవచ్చు. అర్హతలు, మార్కుల నియమం ఆ యేటి ప్రకటనలో చూసుకోవాలి. వేసవికి గదా అని ఫిబ్రవరిలో మొదలుపెడితే లాభం లేదు. దరఖాస్తుకి గడువు సాధారణంగా నవంబరులోనే అయిపోతుంది. దానికి అధ్యాపకురాలి సిఫారసు ఉత్తరం కావాలి, తానేం చేయదలిచిందో పిల్ల తన మాటల్లో ఒక పేజీ రాయాలి.

ఆ పేజీ దగ్గరే మన జిల్లాల పిల్లలు వెనకపడతారు. ఇంటర్నెట్‌లో చూసి "నాకు ప్రకృతి అంటే ఎంతో ఇష్టం" అని ఎత్తి రాస్తారు. అది వేలమంది రాస్తారు. "మా చేనిగట్టు మీద పోయిన ఏడు వరకూ కలివిపొదలుండేవి, ఇప్పుడు లేవు, ఎందుకు పోయాయో తెలుసుకోవాలనుంది" అని రాస్తే చదివేవాళ్ళు ఆగుతారు. మీరు ఇంగ్లీషు చదివిన వాళ్ళయితే మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒక గంట ఆ పిల్ల పక్కన కూర్చోండి. మీరు రాసిపెట్టొద్దు. అడుగుతూ రాయించండి.

"ఆ పిల్ల" అన్నాను, "మీ పిల్ల" అనలేదు, గమనించారా? మీ పిల్లకి మీరున్నారు. మీ యింట్లో గిన్నెలు తోమే ఆవిడ కూతురు గురుకులంలో చదివి డిగ్రీకి వచ్చి వుండవచ్చు. మీకు పాలు పోసే అతని మనవరాలు, బండి మీద కూరలు తెచ్చే అవ్వ మనవరాలు వుండవచ్చు. వాళ్ళకి సెలవుల్లో ఇటువంటిది ఒకటి వుందన్న కబురే చేరదు. నోటీసు బోర్డు మీద ఇంగ్లీషు కాగితం అంటించి, మూడో రోజు గాలికి చిరిగిపోతే అది కబురు చేరినట్టా? ఆ కబురు మీరు చెప్పండి. బ్యాంకు పుస్తకం ఆ పిల్ల పేరు మీద వుందో లేదో చూడండి. చాలాచోట్ల నాన్న పేరుమీదో, తల్లి పొదుపు సంఘం ఖాతానో వుంటుంది, బత్తెం రావడానికి అది పనికిరాదు. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ముందే తీసిపెట్టించండి. కాలేజీ ప్రిన్సిపాలుగారిని కలవడానికి ఆ తల్లి జంకుతుంది. మీరు వెంట వెళ్ళి ఒక్క పది నిమిషాలు కూర్చుంటే చాలు.

మహిళా మండలిలోనో, కాలనీ సంఘంలోనో వున్నవాళ్ళకి ఇంకో పని. వినాయకచవితికి, దసరాకి చందాలెత్తుతాం గదా, అందులోంచి కొంత పక్కన పెట్టి, ఫెలోషిప్పు వచ్చిన పిల్లకి రైలు టిక్కెట్టుకి, మొదటి నెల ఖర్చుకి చేబదులుగా ఇవ్వండి. దానం కాదు, బదులే. బత్తెం వచ్చాక తిరిగి ఇస్తుంది. పైన చెప్పిన పత్తికొండ అమ్మాయికి అప్పుడు కావలసింది సరిగ్గా అదే. మేము స్టాఫురూములో ఆ తర్వాతి ఏటినుంచి అట్లాంటి డబ్బా ఒకటి పెట్టాం. ఎక్కువేమీ కాదు. దానివల్ల నలుగురు పిల్లలు వెళ్ళివచ్చారు. ఒకమ్మాయి వెళ్ళి పదిరోజులకే తిరిగివచ్చింది, నాకు నచ్చలేదు మేడం అని. దానికేముంది, నచ్చలేదని తెలుసుకోవడం కూడా చదువే. ఆ అమ్మాయీ బదులు తీర్చింది.

ఇక పిల్లని పంపేటప్పుడు పెట్టెలో ఏం పెట్టాలి అంటారా. మెరిసే బట్టలు వద్దు, ఆకుపచ్చవో మట్టిరంగువో నూలు చుడీదార్లు నాలుగు. పాదం మూసే బూట్లు, ముళ్ళకి చెప్పులు ఆగవు. పెద్ద అంచున్న టోపీ, టార్చి, దళసరి నోటుపుస్తకం, పెన్సిళ్ళు. పెన్ను వానకి కారిపోతుంది, పెన్సిలు కారదు. వేయించిన బుడ్డలు, బెల్లం కలిపి ఉండలు చేసి డబ్బాలో పోయండి, నిలవుంటాయి, నడకలో ఆకలి ఆగుతుంది. ఆవకాయ కూడా పెట్టండి గాని, మూత మీద గుడ్డ గట్టిగా కట్టండి. నూనె కారి నోటుపుస్తకం తడిస్తే రెండు నెలల లెక్కలూ పోతాయి.

దరఖాస్తు పని మాత్రం దసరాకి ముందే మొదలుపెట్టించండి. తర్వాత దీపావళి హడావుడిలో పడితే గడువు దాటిపోతుంది.